కిరాయి ఇంటి కథ

మన నస్రుల్లాబాదు నుంచి పిల్లలు చదువుకో ఉద్యోగానికో హైదరాబాదు పోతున్నారంటే, ఇంట్లో మొదట వచ్చే మాట "కిరాయి ఎంతట?" అన్నదే. వడ్ల పైసలు చేతికొచ్చేదాకా కిరాయి ఆగదు గదా! ఈ పట్నం కిరాయిల వెనక పెద్ద కథే ఉంది, సోదరీమణులారా.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ఇళ్లు కూలిపోయాయి. 1911లో ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని ఇరుకిళ్లు ఇక లాభం లేదని, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని పెట్టింది. నాంపల్లి వంటి చోట్ల పాత ఇరుకు బస్తీలు తీసేసి, వరసగా చిన్న ఇళ్లు కట్టి, తక్కువ కిరాయికి ఇచ్చారు. సర్కారే ఇంటి యజమాని అన్నమాట!

1956లో రాష్ట్రం ఏర్పడగానే కర్నూలు నుంచి ఉద్యోగుల కుటుంబాలు మూటాముల్లెతో ఇక్కడికొచ్చాయి. ఉన్న ఇళ్లు అవే, అడిగేవాళ్లు ఎక్కువ. హైదరాబాదు రాష్ట్రానికి 1954లోనే ఒక కిరాయి చట్టం ఉండేది. 1960లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి కొత్తది వచ్చింది. న్యాయమైన కిరాయి ఎంతో కంట్రోలరు దగ్గర తేల్చుకోవచ్చు. ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు అడగరాదు. తగిన కారణం లేకుండా ఖాళీ చేయించరాదు. మంచి చట్టమే.

ఆ ఏడే పాత మండలి స్థానంలో హౌసింగ్ బోర్డు వచ్చింది. తర్వాత కూకట్‌పల్లిలో పెద్ద కాలనీ కట్టి, మధ్యతరగతి వాళ్లకు వాయిదాల మీద ఇళ్లిచ్చింది. ఇక కిరాయి బాధ లేదనుకున్నారు. 1998లో సైబర్ టవర్స్, 2017లో మెట్రో వచ్చాయి. చిన్న ఇళ్ల మీద అంతస్తులు లేచాయి, హాస్టళ్లు వెలిశాయి. కిరాయి తప్పించడానికి కట్టిన కాలనీ కిరాయిల కాలనీ అయి కూర్చుంది!

మరి చట్టం ఏమైందంటారా? 1983 చివర్లో, నెలకు వెయ్యి రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదన్నారు. అప్పట్లో వెయ్యి అంటే గొప్పవాళ్ల ఇల్లే. రూపాయి విలువ పడిపోతుందని రాసినవాళ్లకు తెలియదా అనిపిస్తుంది నాకు. 2005లో ఆ హద్దును నగరాల్లో 3,500 చేశారు. ఆ ధరకు కూకట్‌పల్లిలో వంటిల్లు ఉన్న ఇల్లెక్కడ దొరుకుతుంది? అంటే ఒక్క నెల అడ్వాన్సు మాట మన పిల్లల ఇంటికి చెల్లదు. ఒప్పంద కాగితంలో రాసిందే చెల్లుతుంది. అందుకే ఇల్లు చూడ్డానికి వెంట వెళ్లిన తల్లి, ఏడాదికి కిరాయి పెంపు ఎంతో, ఖాళీ చేసేటప్పుడు సున్నాలకూ రంగులకూ అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో ముందే అడిగి రాయించుకోవాలి. ప్రతి నెలా రసీదు తీసుకోమని పిల్లకు చెప్పి రావాలి.