ఆఫీసు పండుగలో ‘అందరం’ అంటే ఎవరు?

దసరాకు ఆయుధ పూజ, దీపావళికి స్వీటు బాక్సు, క్రిస్మస్‌కు కేకు, సంక్రాంతికి ముగ్గుల పోటీ. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఆఫీసుల్లో అక్టోబరు నుంచి జనవరి దాకా కనిపించేది ఇదే. ‘మా దగ్గర కులం, మతం లేవు, అందరం కలిసే చేసుకుంటాం’ అని మేనేజ్‌మెంట్లు గొప్పగా చెబుతుంటాయి. ఆ ‘అందరం’లో ఎవరున్నారన్నదే మా ప్రశ్న.

ఊరి పండుగకు దళితులను పిలవకుండా ఉన్నదెప్పుడు? డప్పు కొట్టడానికి పిలిచారు. పందిరి వేయడానికి, చచ్చిన గొడ్డును లాగేయడానికి పిలిచారు. గుడి మెట్ల దగ్గర మాత్రం ఆపేశారు. కాబట్టి పిలిచారా లేదా అన్నది అసలు కొలత కాదు. ఆఫీసు పండుగను నాలుగు ప్రశ్నలతో కొలవాలని మేము అంటున్నాం. ఖర్చు ఎవరిది? చాకిరీ ఎవరిది? ఎవరు ఎక్కడ కూర్చుని తింటున్నారు? రానన్నవాళ్లకు ఏమవుతోంది?

ఖర్చు ఎవరిది?

వినాయక చవితికైనా దసరాకైనా చందా పుస్తకం చేతికిచ్చేది సాధారణంగా పై అధికారి మనిషే. ఇవ్వనంటే గుర్తు పెట్టుకుంటారు. అరవై వేల జీతగాడికి ఐదు వందలు లెక్క కాదు. పన్నెండు వేలకు పనిచేసే అటెండరుకు అది ఒక రోజు కూలి కన్నా ఎక్కువ. చట్టం అనుమతించిన కోతలు తప్ప జీతంలోంచి మరేవీ పట్టుకోకూడదు. పండుగ చందా ఆ కోతల్లో లేదు. చేతికి అడిగి తీసుకున్నా, అడిగేది అధికారి అయినప్పుడు అది స్వచ్ఛందం అనిపించుకోదు.

పండుగ బోనస్ విషయంలోనూ ఇదే మాయ ఉంది. బోనస్ యజమాని దయ కాదు. బోనస్ చట్టం 1965లోనే వచ్చింది. చట్టం వర్తించే సంస్థలో, వేతన పరిమితి లోపల ఉన్న కార్మికులు ఏడాదిలో 30 పని దినాలు చేస్తే బోనస్‌కు అర్హులు. కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారన్న ఒక్క కారణంతో ఈ హక్కు పోదు. హౌస్‌కీపింగ్ మహిళలకు ఒక చీర, అర కిలో మిఠాయి ఇచ్చి ఫొటో తీసుకునే సంస్థను ముందుగా అడగాల్సింది బోనస్ ఎక్కడ అనే.

చాకిరీ ఎవరిది?

ఆయుధ పూజ రోజు గుమ్మం ముందు గుమ్మడికాయ పగలగొడతారు. కుంకుమ, నిమ్మకాయలు, అరటి పిలకలు, కాగితం ప్లేట్లు మిగులుతాయి. మర్నాడు అందరికీ సెలవు. ఇవన్నీ ఎత్తే పని ఎవరిది? పారిశుద్ధ్య పనిలో అత్యధికులు దళితులే, అందులోనూ మహిళలు. పండుగ పేరుతో వాళ్లకు పని రెట్టింపవుతుంది, అదనపు కూలి మాత్రం రాదు.

కొన్నిచోట్ల చీపుర్లకు, చెత్త బండ్లకు కూడా బొట్లు పెట్టి ‘మీ పని పవిత్రం’ అంటారు. ఈ పొగడ్త కొత్తది కాదు. పాకీ పనిని గొప్ప సేవగా కీర్తించే వాదనను అంబేడ్కర్ తన రచనల్లో చీల్చి చెండాడారు. పని పవిత్రమైతే అది ఒకే కులానికి ఎందుకు పరిమితమైందో చెప్పాలి. చీపురుకు బొట్టు కన్నా చేతికి గ్లౌజులు, నెల తిరగకుండా జీతం, పండుగ రోజు సెలవు కావాలి.

బొట్టు, ప్రసాదం, భోజనం

రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛలో నమ్మే హక్కు ఎంత ఉందో, నమ్మకుండా ఉండే హక్కూ అంతే ఉంది. బొట్టు పెట్టించుకోనని క్రైస్తవ ఉద్యోగిని అన్నా, హారతి తీసుకోనని బౌద్ధుడు అన్నా, అసలు పూజే వద్దని నాస్తికుడు అన్నా వాళ్లు ఎవరినీ అవమానించినట్టు కాదు. పసుపు కుంకుమల పళ్లెం భర్త పోయిన మహిళల్ని దాటి వెళ్లిపోతే అదీ వెలివేతే. దాని గురించీ మాట్లాడాలి.

భోజనం దగ్గరా కులం కూర్చుంటుంది. ‘అందరికీ బాగుంటుంది’ అని శాకాహారం మాత్రమే పెడతారు. 2014 నాటి ఎస్‌ఆర్‌ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మాంసం తినేవాళ్లు 98 శాతానికి పైనే. అంటే కొద్దిమంది తిండి అలవాటు అందరి మర్యాదగా చెలామణి అవుతోంది. రెండు రకాల వంటలూ ఉండాలి, వడ్డన ఒకేచోట జరగాలి. అధికారులకు హాల్లో బఫే, కార్మికులకు మెట్ల కింద పొట్లం అంటే అది రెండు గ్లాసుల పద్ధతికి కొత్త రూపం.

చెప్పుకోలేని పండుగ

‘మీరు ఏ పండుగ చేసుకుంటారు?’ అన్న ప్రశ్న చాలామందికి మామూలు మాట. ఎస్సీ సర్టిఫికెట్ ఉండి చర్చికి వెళ్లే ఉద్యోగికి అది ఉద్యోగం మీద వేలాడే కత్తి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు మన రాష్ట్రాల్లో దక్కింది బీసీ-సీ కింద ఒక్క శాతం. మతం మారినా వాడ మారలేదు, పిలిచే పేరూ మారలేదు. రికార్డులో మాత్రం కులం చెరిగిపోతుంది.

అందుకే ఏ ఆఫీసూ పండుగల పేరుతో మతం వివరాలు సేకరించకూడదు. క్రిస్మస్ సెలవు అడిగినవాళ్ల జాబితాను ఇంకెవరికీ చూపించకూడదు. ‘సొంత పనులు’ అని రాసి సెలవు పెట్టుకునే వీలు అందరికీ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి రెండు ఐచ్ఛిక సెలవులు ఉన్నాయి, జాబితాలోంచి నచ్చినవి ఎంచుకోవచ్చు. ఇలాంటి పద్ధతి ప్రైవేటు సంస్థల్లోనూ, కాంట్రాక్టు కార్మికులకూ రావాలి.

మన రోజులు

ఆయుధ పూజ హడావిడి సాగే దసరాకు ఇంకో చరిత్ర ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. ఆ రోజు విజయదశమి. క్రిస్మస్ నాడు, 1927 డిసెంబరు 25న, మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. డిసెంబరు 6 అంబేడ్కర్ వర్ధంతి, జనవరి 3 సావిత్రీబాయి ఫూలే జయంతి. పండుగల సీజన్ అనే ఈ నెలల్లోనే ఇవన్నీ వస్తాయి. ఆఫీసు క్యాలెండర్లో మాత్రం కనిపించవు. ఏప్రిల్ 14 సెలవు ఇచ్చేసి చేతులు దులుపుకోవడం కాదు. దీపాలంకరణకు ఇచ్చే హాలు, ఇచ్చే సమయం ఈ రోజులకూ ఇవ్వాలి.

చట్టం ఏమంటోంది?

17వ అధికరణ అంటరానితనాన్ని ఏ రూపంలో ఉన్నా నిషేధించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో సవరించారు. పదిమంది చూస్తుండగా కావాలని కించపరచడం, సామాజిక బహిష్కరణ చేయడం, చేస్తామని బెదిరించడం ఈ చట్టం కింద నేరాలు. 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ఎస్సీ, ఎస్టీల కోసం లైజన్ అధికారి ఉంటారు. జాతీయ ఎస్సీ కమిషన్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. విదేశాల్లోనూ కదలిక వచ్చింది. తెలుగు ఇంజనీర్లు ఎక్కువగా ఉన్న సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది.

ఏం అడగాలి?

పండుగకు రెండు నెలల ముందే ఈ డిమాండ్లు లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఒక్కరు కాదు, సంఘంగా ఇవ్వండి.

– చందాలు వద్దు. ఖర్చు సంస్థదే.
– పండుగ కమిటీలో కాంట్రాక్టు, పారిశుద్ధ్య కార్మికుల ప్రతినిధి ఉండాలి. నిర్ణయాల్లో ఓటూ ఉండాలి.
– మత కార్యక్రమం పని వేళల బయట, ఇష్టమున్నవాళ్లకే. రానివాళ్ల హాజరు, ప్రమోషన్ మీద దాని నీడ పడకూడదు.
– కానుక అందరికీ ఒకటే. మేనేజరుకు వెండి గిన్నె, స్వీపరుకు స్టీలు గ్లాసు వద్దు.
– పండుగ తర్వాత శుభ్రం చేసే పనికి అదనపు కూలి, మర్నాడు సెలవు.
– ఫిర్యాదు చేసినవాళ్ల పేరు గోప్యంగా ఉంచాలి.

ఇవి పండుగలకు వ్యతిరేకమైన డిమాండ్లు కావు. ఆటపాటలు, కలిసి తినడం మన వాడల నుంచి ఎవరూ నేర్పించాల్సిన పని లేదు. మేము అడుగుతున్నది ఒక్కటే: విస్తరి ఎత్తే మనిషికి విస్తరి ముందు కూర్చునే హక్కు ఉండాలి. కూర్చోను అంటే ఆ మాటకూ గౌరవం ఉండాలి.