పనివాడి పాలు: సెనెగల్ ఉమ్మడి భోజనం వెనుక చరిత్ర

పశ్చిమాఫ్రికాలోని సెనెగల్‌లో పల్లె ఆరోగ్య కేంద్రాల్లోనూ, బడుల్లోనూ, పొలం పనులు సాగే చోట్లా మధ్యాహ్నం వేళకు ఎనామిల్ పూత పూసిన ఒక వెడల్పాటి బేసిను చాప మీదికి వస్తుంది. పనివారు చెప్పులు విడిచి దాని చుట్టూ కూర్చుని, విడివిడి కంచాలేవీ లేకుండా, అందరూ అందులోనే చెయ్యి పెట్టి తింటారు. 1960ల నుంచి సేవాకార్యక్రమాల కోసం ఈ దేశానికి వచ్చిన విదేశీ యువతీయువకులు తమ స్థానిక సహోద్యోగులతో దగ్గరైంది చాలావరకు ఈ బేసిను చుట్టూనే. ఈ భోజనాన్ని వొలోఫ్ భాషలో 'తెరాంగా' అనే అతిథి ఆదరణకు నిదర్శనంగా చెప్పుకోవడం అక్కడ పరిపాటి. అయితే బేసినులోని అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో, దాని చుట్టూ పరాయి మనిషికి చోటు ఎలా ఏర్పడిందో పరిశీలించినప్పుడు, ఆదరణతో పాటు వలసపాలన నాటి వ్యాపారమూ కూలిసంబంధాలూ బయటపడతాయి; విదేశీ సేవకుడు కూర్చున్న చోటు అంతకుముందు వలస కూలీ కూర్చున్న చోటేనని తేలుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా ఈ ప్రాంతంలో జనసామాన్యపు ముఖ్యాహారం సజ్జలు. సజ్జపిండిని చిన్న పలుకులుగా నలిపి ఆవిరి మీద ఉడికించే 'చెరె' నేటికీ పల్లెల్లో నిలిచి ఉంది. 1659లో సెనెగల్ నది ముఖద్వారం దగ్గర సేన్-లూయీ పట్టణాన్ని స్థాపించిన ఫ్రెంచివారు మొదట బానిసల వ్యాపారం మీద, ఆ తర్వాత ప్రధానంగా తుమ్మజిగురు వ్యాపారం మీద ఆధారపడ్డారు. జిగురుకు మారుగా వారు ఇచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది కోరమాండల్ తీరంలో నేసి, నీలిమందు అద్ది, పుదుచ్చేరి నుంచి ఓడలకెక్కించిన 'గినీ' అనే నూలుగుడ్డ. నది వెంబడి అది నాణెం లాగానే చెలామణి అయింది. 1840ల్లో మార్సెయ్ నగరపు సబ్బు కార్ఖానాలకు, నూనె గానుగలకు వేరుశెనగ అవసరం కావడంతో ఎగుమతి పంట మారింది. 1848లో ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దు కావడం, 1885లో డకార్ నుంచి సేన్-లూయీకి రైలు మార్గం పూర్తికావడం ఈ మార్పును వేగిరపరచాయి. సజ్జ చేలు వేరుశెనగ చేలుగా మారిన కొద్దీ, పంట చేతికి రాకముందటి కరువు నెలల్లో తిండిగింజల కోసం రైతు వ్యాపారి గుమ్మం తొక్కి, బియ్యం అప్పు తెచ్చుకోవలసి వచ్చింది.

ఆఫ్రికాకు సొంత వరి లేకపోలేదు. దక్షిణాన కాసమాన్స్ ప్రాంతపు జోలా రైతులు తరతరాలుగా వరి పండిస్తూనే ఉన్నారు. వేరుశెనగ ప్రాంతానికి వచ్చిన బియ్యం మాత్రం మరో ఫ్రెంచి వలస అయిన ఇండోచైనాది. 1859 తర్వాత సైగాన్ పరిసరాలు ఫ్రెంచివారి చేతికి చిక్కగా, అక్కడి మరల్లో వడ్లు ఆడించినప్పుడు మిగిలే నూకలు తక్కువ ధరకు సెనెగల్ రేవులకు చేరసాగాయి. ఒక వలసలో తక్కువరకంగా లెక్కకు వచ్చిన సరుకు మరో వలసలో రోజువారీ భోజనమైంది, కాలక్రమేణా అక్కడి అభిరుచిగానే స్థిరపడింది. నేటి సెనెగల్ వంటింట్లో ధర చూసుకునేవారే కాక, రుచి ఎరిగిన వంటగత్తెలు కూడా పులుసు బాగా పీలుస్తుందని నూకలనే కోరుకుంటారు.

ఈ నూకలతో వండే 'చెబు జెన్' అనే చేపల అన్నం దేశీయ వంటకంగా పేరుపొందింది. చేపకు గాట్లు పెట్టి, పార్స్లీ ఆకు, వెల్లుల్లి, మిరపకాయ కలిపి నూరిన 'రోఫ్' అనే ముద్దను అందులో కూరుతారు. దాన్ని నూనెలో వేయించి తీసి, అదే నూనెలో ఉల్లిపాయలు, టమాటా ముద్ద మగ్గించి, నీళ్లు పోసి, క్యాబేజీ, క్యారెట్, వంకాయ, కర్రపెండలం పెద్ద ముక్కలుగానే వేస్తారు. సముద్రపు నత్త మాంసాన్ని పులియబెట్టి ఎండబెట్టిన 'యేత్' ముక్క ఒకటి పులుసుకు ఘాటైన వాసన తెస్తుంది. ఆ గిన్నె మీదే ఆవిరికి పెట్టిన నూకలను, చేపా కూరలూ తీసేశాక మిగిలిన పులుసులో వేసి మూత బిగిస్తారు. అడుగున ఎర్రగా పట్టిన మాడుచెక్క 'ఖోఞ్'ను గీకి వడ్డించడం మరిచిపోతే తినేవారు ఊరుకోరు. సేన్-లూయీకి చెందిన పెండా ఎంబాయ్ అనే వంటగత్తె దీన్ని తొలిసారి వండిందని జనశ్రుతి. 2021లో యునెస్కో ఈ వంట విద్యను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

పనికీ ఈ భోజనానికీ ఉన్న ముడి నూకల రాక కంటే పాతది. వొలోఫ్ పల్లెల్లో 'సంతానె' అనే ఆచారం ఉంది: కలుపుతీతకో కోతకో మనుషులు చాలని రైతు ఊరివారిని పిలిస్తే, వారు కూలి పుచ్చుకోకుండా ఒక పూట పని చేసిపెడతారు, వారికి కడుపునిండా పెట్టడం పిలిచినవాడి బాధ్యత. వేరుశెనగ సేద్యం విస్తరించి ఊరి చేతులు చాలకపోయేసరికి ఈ సూత్రమే పరాయి ప్రాంతాల కూలీలకు వర్తించింది. నేటి మాలీ, గినీ దేశాల నుంచి వానాకాలానికి వచ్చి పంట అమ్ముకుని వెళ్లే ఈ వలసదారులను 'నవెతాన్'లని పిలిచేవారు. వానాకాలాన్ని సూచించే వొలోఫ్ మాట నుంచి ఆ పేరు పుట్టింది. ఆశ్రయమిచ్చిన రైతు నవెతాన్‌కు గుడిసె, విత్తనం, సొంతంగా పండించుకోవడానికి కొంత నేల, రెండు పూటలా తిండి ఇచ్చేవాడు. బదులుగా నవెతాన్ వారంలో కొన్ని రోజులు ఉదయం పూట ఆ రైతు పొలంలో పనిచేసేవాడు. ఏటా వేల సంఖ్యలో సాగిన ఈ రాకపోకల్లో పరాయివాడు ఇంటి మగవారితో కలిసి ఒకే బేసినులో తినడం ఒప్పందంలో భాగమే గాని దయాదాక్షిణ్యాల విషయం కాదు.

అలా కలిసి తినడానికి కట్టుబాట్లు అవసరమయ్యాయి. తెలుగునాట సహపంక్తి భోజనంలో కూడా వరుస ఒకటైనా విస్తరి ఎవరిది వారికే ఉంటుంది గనుక ఎంగిలి ప్రశ్న రాదు. ఇక్కడ గిన్నె ఒకటే కాబట్టి హద్దులు గిన్నెలోపలే గీయవలసి వచ్చింది. కుడిచేత్తోనే తినాలి, తన ముందున్న భాగం దాటి చెయ్యి చాచకూడదు, నోటికి తగిలిన మెతుకు తిరిగి గిన్నెలో పడకూడదు. చేపా కూరముక్కలూ నడుమ ఉంటాయి. వాటిని ఇంటి ఇల్లాలో పెద్దో వేళ్లతో తుంచి, అందరి ముందుకూ, అతిథి ముందుకు కాస్త ఎక్కువగా, విసురుతారు. పిల్లలు ఎడమచేత్తో బేసిను అంచు కదలకుండా పట్టుకుని, చూపు దించుకుని తినాలని నేర్పుతారు. కడుపు నిండినవాడు ఆలస్యం చేయకుండా లేస్తే మిగిలినవారికి చోటు కలుగుతుంది. అన్నం ధారాళంగా ఉండి, చేప కొద్దిగా ఉన్న ఇంట్లో ఎవరి పాలు ఎంతో గొడవ లేకుండా తేల్చే పద్ధతి ఇది.

1960 జూన్‌లో సెనెగల్, నేటి మాలీ కలిసి మాలీ సమాఖ్యగా స్వతంత్రమయ్యాయి. ఆగస్టులో ఆ సమాఖ్య విచ్ఛిన్నం కావడంతో డకార్ నుంచి బమాకోకు వెళ్లే రైలు ఆగిపోయి, నవెతాన్‌ల రాకకు పెద్ద దెబ్బ తగిలింది. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఏర్పరచిన పీస్ కోర్ అనే సేవాసంస్థ 1963లో సెనెగల్‌లో అడుగుపెట్టింది. ఫ్రాన్సు కూడా ఆ ఏడే ప్రగతి స్వచ్ఛంద సేవకుల సంఘాన్ని నెలకొల్పింది. నవెతాన్‌ల రాక తగ్గడానికీ ఈ సేవకుల రాకకూ కార్యకారణ సంబంధం లేదు. కాని ఒక ఇంటి ఆశ్రయంలో గది తీసుకుని, ఆ ఇంటి పేరే తన పేరుగా పెట్టించుకుని, నెలనెలా కొంత సొమ్మో బియ్యపు బస్తానో ఇచ్చి ఆ ఇంటి బేసినులో తినే సేవకుడి స్థితి, పల్లెవాసులకు ఎరుకలో ఉన్న నవెతాన్ స్థితికి చాలా దగ్గరది. పట్టణ కార్యాలయాల్లో భోజనానికి ఇంటికి వెళ్లే పాత అలవాటు తగ్గిన కొద్దీ, సహోద్యోగులు తలా కొంత వేసుకుని దగ్గరలోని వంటగత్తె చేత వండించుకోవడం పెరిగి, ఇంటి బేసిను పనిచోటుకు కూడా వచ్చింది.

దూరదేశపు గింజ మీద నిలిచిన భోజనం గనుక దూరదేశపు నిర్ణయాలు దాన్ని వెంటనే తాకుతాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఇండోచైనా నుంచి ఓడలు రానప్పుడు జనం మళ్లీ సజ్జల వైపు తిరిగారు. 1994 జనవరిలో ఫ్రెంచి ఫ్రాంకుతో పోల్చి సెనెగల్ వాడే సీఎఫ్ఏ ఫ్రాంకు విలువను సగానికి తగ్గించినప్పుడు దిగుమతి సరుకుల ధరలు మండిపోయాయి. ఇటీవలి కాలంలో ఈ నూకల్లో పెద్ద వంతు భారతదేశానిది. పశ్చిమాఫ్రికాకు బియ్యం పంపే రేవుల్లో కాకినాడ ముఖ్యమైనది. 2022 సెప్టెంబరులో భారత ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించినప్పుడు, ప్రభుత్వాల మధ్య ఒప్పందాల ద్వారా కొంత మినహాయింపు లభించినా, సెనెగల్‌కు ఇబ్బంది తప్పలేదు. ఆ నిషేధం 2025 మార్చిలో తొలగింది.

గింజ మారినా, పనివాడు మారినా, పనిచేసినవాడికి బేసినులో పాలు ఉంటుందనే నియమం మారలేదు. మారినదల్లా దాని లెక్క. నవెతాన్ తిన్న తిండిని రైతు కూలిలో భాగంగా లెక్కించాడు. సేవకుడు తిన్నదాన్ని, అతను సొమ్ము ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆదరణ ఖాతాలో రాశారు. ఈ రెండు లెక్కల్లోనూ ఎక్కకుండా మిగిలింది తెల్లవారుజామున రోకలి పట్టి సజ్జలు దంచిన, చేపల బజారుకు నడిచి వెళ్లిన, పొయ్యి ముందు సగం రోజు గడిపిన ఆడవారి చాకిరి. విదేశీ సేవకుడు ఆ దేశానికి ఏమి ఇచ్చాడో చెప్పే నివేదికలు పుష్కలంగా ఉన్నాయి గాని, పూటపూటకూ అతను ఆ ఆడవారి నుంచి పుచ్చుకున్నది కూడా చేరినప్పుడే ఆ చరిత్రకు జమాఖర్చులు సరిపోతాయి.