చుండూరు: కాలు తగిలినందుకు ఎనిమిది ప్రాణాలు



1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లోని రెడ్ల కుర్రాడికి తగిలింది. మాటామాటా పెరిగింది. దాన్ని "కుర్రాళ్ల గొడవ" అన్నారు.

మరి దళితులను వెలివేసి, పనులు మాన్పించింది కుర్రాళ్లేనా? ఆగస్టు 6న ఊళ్లో పోలీసులుండగానే వెంటాడి 8 మందిని చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు.

మనవాళ్లు ఆ శవాలను నడి ఊళ్లో పాతిపెట్టి రక్తక్షేత్రం అన్నారు. పోరాడి ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

రేపు మన ఓబులదేవరచెరువులో ఎవరైనా "పిల్లల గొడవ, సర్దుకోండి" అంటే, ఆ గొడవ తర్వాత కూలి ఎవరికి ఆగిందో అడగండి. కులం అక్కడ దొరుకుతుంది.

(ఇంకా ఉంది)