ఎరకసానమ్మ కట్టించిన గుడి

ఆత్మకూర్ (ఎస్) నుంచి బట్టలకనో బంగారానికనో ఏడాదికి ఎన్నిసార్లు సూర్యాపేట వెళ్తామో లెక్కే ఉండదు. ఆ పక్కనే ఉన్న పిల్లలమర్రికి మాత్రం శివరాత్రికి తప్ప పోం. పోయినా దండం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని వచ్చేస్తాం. అక్కడ ఒక ఆడమనిషి పేరు ఎనిమిది వందల ఏళ్ళుగా నిలిచి ఉందని మీకు తెలుసా?

కాకతీయుల కాలంలో ఈ ప్రాంతాన్ని రేచర్ల రెడ్లు ఏలారు. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయం కట్టించాడు. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. అప్పటికి గణపతిదేవుడు రాజు. రుద్రమదేవి గద్దెనెక్కడానికి ఇంకా యాభై ఏళ్ళకు పైనే ఉంది. ఆ రోజుల్లోనే ఒక ఇల్లాలు తన పేరున గుడి నిలబెట్టింది. ఐదేళ్ళ తర్వాత, 1213లో, రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడిదీ ఆ వంశమే.

నామేశ్వరాలయంలో నల్లరాతి స్తంభాల నునుపు చూసి ముచ్చటపడతాం. ఒక స్తంభాన్ని తడితే మోగుతుందని పిల్లలు దాని చుట్టూ మూగుతారు. కానీ తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. అక్కడ కాకతీయుల నాటి రంగుల బొమ్మ ఒకటుంది, క్షీరసాగర మథనం. దేవతలు ఒకవైపు, రాక్షసులు ఒకవైపు వాసుకిని పట్టి లాగుతుంటారు. రంగు చాలావరకు వెలిసిపోయింది. ఆ కాలపు శిల్పాలు మనకు బోలెడున్నాయి కానీ రంగుల బొమ్మలు మిగిలింది చాలా కొద్ది.

వాటికన్‌లో సిస్టైన్ చాపెల్ అని ఒక ప్రార్థనా మందిరం ఉంది. దాని కప్పు మీద మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా బొమ్మలు వేశాడు. అంటే ఎరకసానమ్మ గుడి కట్టించిన సరిగ్గా మూడు వందల ఏళ్ళకు మొదలుపెట్టాడన్నమాట. కొవ్వొత్తుల పొగకు అవి నల్లబడితే 1980లో శుభ్రం చేయడం మొదలుపెట్టి 1989 దాకా ఓపిగ్గా చేశారు. మసి తీస్తే కింద రంగు బయటపడింది.

మసి పడితే తుడవచ్చు, రాలిపోయిన రంగును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. మనం గుళ్ళో దీపం పెట్టకుండా ఉండలేం, పెట్టాలి కూడా. అయితే బొమ్మ కింద కర్పూరం వెలిగించకుండా, పిల్లల్ని గోడలు గీకనివ్వకుండా చూసుకోవడం మన చేతుల్లో పనే. ఈసారి పిల్లలమర్రి వెళ్తే దండం పెట్టుకున్నాక ఒక్క పది నిమిషాలు ఆగండి. పిల్లలకు ఆ బొమ్మ చూపించండి, ఎరకసానమ్మ పేరు చెప్పండి. ముఖ్యంగా ఆడపిల్లలకు.