నార్వే తీరం – మధ్యకాలిక వాతావరణ సూచన: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
సుమారు మూడు నుంచి పది రోజుల ముందుగా వాతావరణ స్థితిని అంచనా వేయడాన్ని మధ్యకాలిక వాతావరణ సూచన అంటారు. కంప్యూటర్ల వేగమే దీనికి మూలమన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. పరిశీలనా క్షేత్రం విస్తరించడం కూడా అంతే ముఖ్యమైన కారణమనీ, వ్యవధి పెరిగేకొద్దీ సూచన స్వభావమే మారిందనీ నార్వే తీరప్రాంత చరిత్ర ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నార్వే, బెర్గెన్, వాతాగ్రం, ధ్రువ అల్పపీడనం, సంభావ్యత.

1. ప్రవేశిక:
నార్వే తీరంలో చాలా భాగం ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉంది. అయినా అట్లాంటిక్ ఉష్ణప్రవాహం వల్ల అక్కడి రేవులు శీతకాలంలోనూ గడ్డకట్టవు. బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి లోఫోటెన్ దీవుల వద్దకు చేరేది జనవరి, ఏప్రిల్ నెలల మధ్య. తుఫానుల ఉధృతి ఎక్కువగా ఉండే కాలమూ దాదాపు అదే. జీవనోపాధి, ప్రాణాపాయం ఒకే ఋతువులో ఎదురయ్యే ఈ తీరానికి వాతావరణ సూచన కేవలం శాస్త్ర జిజ్ఞాసకు సంబంధించిన విషయం కాదు.

2. బెర్గెన్ సంప్రదాయం:
వాతావరణ సూచనను భౌతికశాస్త్ర సమస్యగా పరిగణించాలని విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1904లో ప్రతిపాదించాడు. వాతావరణపు ప్రస్తుత స్థితి, దాన్ని నడిపించే నియమాలు తగినంత కచ్చితంగా తెలిస్తే భవిష్యత్ స్థితిని గణించవచ్చునన్నది ఆయన వాదం. 1917లో ఆయన లైప్‌జిగ్ నుంచి బెర్గెన్‌కు వచ్చాడు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. విదేశాల నుంచి వచ్చే వాతావరణ తంతివార్తలు చాలావరకు నిలిచిపోయాయి. తటస్థ దేశమైన నార్వేలో ఆహారధాన్యాల కొరత ఏర్పడింది. బయటి సమాచారం లేని లోటును పూరించడానికి 1918లో స్వదేశంలోనే పరిశీలన కేంద్రాలను ఎన్నో రెట్లు పెంచారు. రైతులకు వేసవి సూచనలు ప్రారంభించారు.

ఈ దట్టమైన పరిశీలనల నుంచే కొత్త సిద్ధాంతం పుట్టింది. చల్లని, వెచ్చని వాయురాశులు కలిసే అంచులను యాకబ్ బ్యెర్క్‌నెస్, హాల్వర్ సోల్‌బెర్గ్, టోర్ బెర్యెరోన్ మొదలైనవారు గుర్తించారు. యుద్ధరంగ పరిభాష నుంచి ఆ అంచుకు ‘ఫ్రంట్’ అన్న పేరు వచ్చింది. యుద్ధం తెచ్చిన సమాచార కొరతే పరిశీలన సాంద్రతకు, దాని ద్వారా వాతాగ్ర సిద్ధాంతానికి దారితీయడం గమనార్హం. అయితే ఆ సూచనల వ్యవధి ఒకటి రెండు రోజులను మించలేదు.

3. గణన – విస్తరణ:
బ్యెర్క్‌నెస్ ఊహను లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ చేతి లెక్కలతో పరీక్షించి 1922లో ప్రచురించాడు. ఆరు గంటల్లో 145 మిల్లీబార్ల పీడన మార్పు వస్తుందని తేలిన ఆ గణన వాస్తవానికి చాలా దూరం. 1950లో ఎనియాక్ యంత్రంపై తొలి విజయవంతమైన గణనను నివేదించిన ముగ్గురిలో జూల్ చార్నీ, జాన్ వాన్ నాయ్‌మన్‌లతో పాటు నార్వే శాస్త్రవేత్త రాగ్నర్ ఫ్యోర్టాఫ్ట్ ఉన్నాడు. 24 గంటల సూచనకు దాదాపు 24 గంటలు పట్టింది.

యంత్రవేగం పెరిగినంత మాత్రాన వ్యవధి పెరగదు. రేపు నార్వేను తాకే అల్పపీడనం ఈరోజు సమీప సముద్రంపై కనిపిస్తుంది. వారం తర్వాత రాబోయే దాని బీజాలు పసిఫిక్‌పై ఉండవచ్చు. అందువల్ల భూగోళమంతటి పరిశీలన అవసరమైంది. 1963లో ప్రారంభమైన ప్రపంచ వాతావరణ పరిశీలన వ్యవస్థ, ఉపగ్రహాలు ఆ అవసరాన్ని కొంతవరకు తీర్చాయి. ఐరోపా మధ్యకాలిక వాతావరణ సూచనల కేంద్రం 1979 ఆగస్టు 1న క్రమబద్ధమైన సూచనలు మొదలుపెట్టింది. 1918లో నార్వే తన సరిహద్దులలో చేసిన పనే ఇక్కడ ప్రపంచ స్థాయిలో జరిగింది.

4. పరిమితి – సంభావ్యత:
ఆరంభస్థితిలోని అతిస్వల్ప దోషం కాలక్రమంలో పెరిగి సూచనను నిష్ఫలం చేయగలదని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపాడు. ఉత్తర నార్వే తీరంలో దీనికి స్పష్టమైన ఉదాహరణ ధ్రువ అల్పపీడనం. సముద్రపు మంచు మీదుగా వచ్చే అతిశీతల గాలి సాపేక్షంగా వెచ్చని నీటిపైకి చేరినప్పుడు ఇది ఏర్పడుతుంది. దీని వ్యాసం వేయి కిలోమీటర్లకు లోపు, ఆయుర్దాయం సాధారణంగా రెండు రోజులకు లోపు. ఇంకా పుట్టని తుఫాను ఫలానా రేవును తాకుతుందని వారం ముందు చెప్పడం అసాధ్యం. ఉత్తరపు చలిగాలి దిగివచ్చే అవకాశాన్ని మాత్రం చెప్పవచ్చు.

1992 నుంచి ఐరోపా కేంద్రం కొద్దిపాటి తేడాలున్న ఆరంభస్థితులతో అనేక గణనలు జరుపుతోంది. ఫలితాలు దగ్గరగా ఉంటే నమ్మకం ఎక్కువ, చెదిరితే తక్కువ. ‘తుఫాను వస్తుంది’ అన్న వాక్యం స్థానంలో ‘వచ్చే అవకాశం ఇంత’ అన్న వాక్యం వచ్చింది. దానితో పడవ బయలుదేరాలా వద్దా అన్న నిర్ణయంలో కొంత భాగం శాస్త్రజ్ఞుడి నుంచి జాలరికి బదిలీ అయింది.

5. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:
1. వాతావరణ సూచన ఎంత ముందుకు చూడాలంటే పరిశీలన అంత దూరం విస్తరించాలి.
2. ఏ తీరమూ కేవలం తన పరిశీలనలతో పది రోజుల సూచనను రూపొందించుకోలేదు. 1914–18 నాటి అనుభవం చెబుతున్నట్లు, దేశాల మధ్య సమాచారం ఆగితే సూచనకు ఆధారమే దెబ్బతింటుంది.
3. మధ్యకాలిక సూచన సాధించినది నిశ్చయత్వం కాదు, అనిశ్చితిని కొలిచే పద్ధతి. ఆ కొలతను తీరవాసికి అర్థమయ్యే భాషలో అందించినప్పుడే ఈ శాస్త్రం ప్రయోజనం నెరవేరుతుంది.