ఉప్పు, చీపురు, డాక్టరు

మావోళ్లు ఆస్పత్రుల్ని ఊడ్చిన్రు, కాలువలు ఎత్తిన్రు, శవాలు మోసిన్రు. ప్రజారోగ్య చరిత్రలో మాత్రం డాక్టర్ల పేర్లే ఉంటయ్. అట్లని డాక్టర్ల చరిత్రను మనం పక్కన పెట్టొద్దు. చదవాలె. మన వాడల నిలబడి చదవాలె.

వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టిండు. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డు పోయి పరిశోధన చేసిండు. చెడిన అవయవాన్ని మైక్రోస్కోపు కింద చూసి కారణం చెప్పే పాథాలజీ ఆయన విద్య. మొదట్ల కూనూరు పోషకాహార పరిశోధనశాలల పనిచేసిండు. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకొచ్చి తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ అయింది.

1956లో ఆయన బృందం హిమాలయాల కింద కాంగ్రా లోయకు పోయింది. అక్కడ మెడ వాపు, గాయిటర్, ఇంటింటా ఉండేది. లోయను మూడు భాగాలు చేసి రెండింటికి అయొడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చిన్రు. బడి పిల్లల మెడలు చూసి లెక్క రాసిన్రు. ఆరేండ్లకు అయొడిన్ ఉప్పు తిన్న చోట జబ్బు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు చోట ఎక్కడిదక్కడే ఉంది. ఈ రోజు మా బడి మధ్యాహ్న భోజనంల పడే ఉప్పుకు ఆ లోయతో చుట్టరికం ఉంది. సర్కారు బడి పంతులుగా నాకు ఇంకో సంగతి గూడా కనబడుతది. ఆ ఆరేండ్లూ మామూలు ఉప్పు తిన్న పిల్లలు ఎవరి పిల్లలు? రుజువు కోసం ఆగినోళ్లు వాళ్లే.

ఆయన 1969 నుంచి పదేండ్లు ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు. 1979 నుంచి 1986 దాకా భారత వైద్య పరిశోధన మండలి అధిపతి. పై కుర్చీలకు పోయినోడు ఆస్పత్రుల గొప్పే చెప్పాలె. ఈయన అట్ల చెప్పలేదు. ఆయన అధ్యక్షతన 1981లో వచ్చిన 'అందరికీ ఆరోగ్యం' నివేదిక, పేదరికం, అసమానత పోకుండ ఆరోగ్యం రాదన్నది. 1996లో యునిసెఫ్ కోసం మరిద్దరితో కలిసి రాసిన వ్యాసంల, దక్షిణాసియా పిల్లలు ఆఫ్రికా పిల్లలకన్నా ఎందుకు బక్కచిక్కుతున్నరని అడిగిండు. తల్లుల హీనస్థితే ముఖ్య కారణమన్నడు. మైక్రోస్కోపు నుంచి ఉప్పుకు, ఉప్పు నుంచి తల్లి బతుకుకు నడిచిన దారి అది.

ఆ తల్లికి కులం గూడా ఉంటది. ఆ మాట మనమే కలపాలె.

1994లో సూరత్‌ల ప్లేగు వచ్చింది. మన తెలంగాణ నేతకార్మికులు బతికే ఊరది. లక్షలమంది పారిపోయిన్రు. కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి రామలింగస్వామే పెద్ద. మరుసటేడు నుంచి ఊరు శుభ్రమైంది, కమిషనరు ఎస్.ఆర్. రావుకు పేరొచ్చింది. వీధివీధికీ చెత్త ఎత్తిన సఫాయివాళ్లల్ల ఒక్కరి పేరన్నా మన పిల్లల పాఠంల లేదు. పాకీపని నిషేధిస్తూ చట్టం 1993లోనే వచ్చింది, మళ్లీ 2013లో ఇంకోటి చెయ్యాల్సి వచ్చింది. ఒక చట్టం సరిపోలేదంటే ఆ పని ఎవరి నెత్తిన నిలిచి ఉందో అర్థం చేసుకోవాలె.

చాంద్రాయణగుట్ట చౌరస్తాల తెల్లారకముందే చీపురు పట్టే అమ్మ గూడా ప్రజారోగ్య సిబ్బందే. రామలింగస్వామి 2001లో పోయిండు. ఆయన నడిచిన దారిల మన పిల్లలు డాక్టర్లయి జిల్లా ఆరోగ్యాధికారి కుర్చీదాకా పోవాలె. పోయినంక రోగుల లెక్కతోబాటు మ్యాన్‌హోల్‌ల చచ్చినోళ్ల లెక్క గూడా అదే రిజిస్టర్ల, పేర్లతో రాయాలె.