మదీనా ఒప్పందం, మన రాజ్యాంగం

మత స్వేచ్ఛ అనగానే మనకు రాజ్యాంగం గుర్తొస్తుంది. కానీ వేర్వేరు మతాల వాళ్లు ఒకే పాలన కింద ఎలా బతకాలన్న ప్రశ్న చాలా పాతది. క్రీ.శ. 622లో ముహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వలస వెళ్లారు. అక్కడి ముస్లింలకూ యూదు తెగలకూ మధ్య ఒక ఒప్పందం రాయించారు. ఎవరి మతం వాళ్లది. ఊరి మీదికి శత్రువు వస్తే అందరూ కలిసి కాపాడుకోవాలి. తగాదా వస్తే ప్రవక్త దగ్గరికి తేవాలి. ఇవి అందులోని ముఖ్య విషయాలు.

1938లో దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ పెద్ద మౌలానా హుస్సేన్ అహ్మద్ మదనీ ఈ ఒప్పందాన్నే ఉదాహరణగా చూపించి ఒక పుస్తకం రాశారు. హిందువులూ ముస్లింలూ ఒకే జాతిగా బతకొచ్చని వాదించారు. కవి ఇక్బాల్ ఆ ఆలోచనను ఒప్పుకోలేదు. అంటే ముస్లింలలోనే దీని మీద గట్టి చర్చ జరిగిందన్నమాట.

1950 జనవరి 26న మన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 25వ అధికరణ ప్రకారం ఎవరైనా తమకు నచ్చిన మతాన్ని నమ్మొచ్చు, ఆచరించొచ్చు, ప్రచారం చేసుకోవచ్చు. శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యం దీనికి హద్దులు.

రెండింటికీ తేడా కూడా ఉంది. మదీనాలో మాట ఇచ్చింది తెగలకు. ఇక్కడ హక్కు ప్రతి మనిషికీ ఉంది. మదీనాలో తర్వాత కొన్ని తెగలతో సంబంధాలు చెడి యుద్ధాల దాకా వెళ్లింది. ఇక్కడ మన హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చు.

మా బడికి అన్నిటికంటే దగ్గరిది 30వ అధికరణ. మతం వల్ల గానీ భాష వల్ల గానీ మైనారిటీ అయినవాళ్లు సొంతంగా బడులు పెట్టుకోవచ్చని అది చెబుతుంది. మన కర్ణాటక నుంచి వెళ్లిన టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 2002లో 11 మంది జడ్జీల బెంచి తీర్పు ఇచ్చింది. మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని అందులో ఉంది. అందుకే హొసకోటెలో తెలుగు మాట్లాడే మేం మైనారిటీ. చిత్తూరుకు పోతే అదే తెలుగుతో మేం ఎక్కువమందిలో కలిసిపోతాం. అక్కడ కన్నడవాళ్లు తక్కువ. మతం సంగతి కూడా ఇంతే కదా!

దీన్నిబట్టి నాకు ఒకటి అర్థమైంది. తక్కువమంది ఉన్నచోట హక్కు అడగడం ఎవరైనా చేస్తారు. మనం ఎక్కువమంది ఉన్నచోట పక్కవాళ్ల గుడిని, మసీదును, చర్చిని, బడిని ఎలా చూస్తామో అదే మనకు పరీక్ష. మదీనాలోనైనా, హొసకోటెలోనైనా రాసుకున్న మాట నిలబడేది ఆ పరీక్షలో మనం నెగ్గితేనే.